చెవులత్త గది

మా మేనత్తకు ఇంట్లో పడిన పేరు చెవులత్త. చెవులు పెద్దవని కాదు, పద్ధెనిమిదేళ్ళుగా వాటి మీద హెడ్‌ఫోన్లు కూర్చున్నాయని. ఆసుపత్రుల్లో డాక్టర్లు రోగిని చూశాక చూసిందంతా నోటితో చెప్పి రికార్డు చేస్తారు. నములుతూ చెబుతారు, దగ్గుతూ చెబుతారు, మెట్లు దిగుతూ చెబుతారు. ఆ రికార్డులు విని మాట పొల్లుపోకుండా టైపు చేయడం అత్త ఉద్యోగం. ఏ డాక్టరు ఎక్కడ గుటక వేస్తాడో, ఎవరికి ఏ మాట దగ్గర నాలుక మడతపడుతుందో ఆవిడకు తెలుసు. వాళ్ళలో ఒక్కరి మొహం కూడా చూడలేదు.

నాకు కోపం తొందర. అత్తకు కోపం లేదు, ఉన్నా ఎక్కడో మడిచి దాచుకుంటుంది. అందుకే ఈ సంగతి చెప్పే పని నేను పెట్టుకున్నాను. ఎక్కడైనా గొంతు పెరిగితే అది నాది.

ఆ ఆఫీసులో పని జంటలుగా సాగేది. ఒకరు టైపు చేసింది రెండోవారు మళ్ళీ రికార్డు వింటూ సరిచూడాలి, వారిది వీరు చూడాలి. సరిచూసేవారికి తెర మీద రెండు దారులుంటాయి. తప్పు దిద్దేసి పచ్చగడి నొక్కి పంపేయొచ్చు. లేదంటే ఎర్రగడి తెరిచి తప్పేమిటో, ఎవరిదో రాయొచ్చు. ఎర్రగడిలో రాసింది టైపు చేసినవారికి కనబడదు, నేరుగా పైవాళ్ళకు చేరుతుంది. రూలు ప్రకారం ప్రతి తప్పూ అందులో రాయాల్సిందే. కానీ ఆ హాల్లో ఇరవై జంటలు ఉండేవి, ఒక్కరు కూడా దాన్ని తెరిచిన పాపాన పోలేదు. తప్పు కనిపిస్తే పెన్సిలుతో బల్ల మీద రెండు దెబ్బలు కొట్టేవారు. టక్ టక్. పక్కవారు తలెత్తకుండానే "ఎక్కడ?" అనేవారు. ఇన్నో లైను అని చెబితే ఎవరి తప్పు వారే దిద్దుకునేవారు. మనిషన్నాక రోజుకు ఒకటో రెండో పడతాయి. వాటిని పైకి మోసుకెళ్ళడం ఆ హాల్లో దొంగతనం కంటే నీచం. సూపర్‌వైజరుకు ఇదంతా తెలుసు, తెలియనట్టు ఉండేవాడు.

అత్తకు జంట అయినావిడను మా ఇంట్లో అందరం పక్కకుర్చీ అనేవాళ్ళం. అత్తే అలా అలవాటు చేసింది. "పక్కకుర్చీకి ఇవాళ నడుంనొప్పి." "పక్కకుర్చీ వాళ్ళాయనకి మళ్ళీ పని పోయింది." ఆవిడను చూడకముందే ఆవిడ కాఫీలో ఎంత చక్కెర వేసుకుంటుందో నాకు తెలుసు. నేను చదువు పేరు చెప్పి మూడు నెలలుంటానని వచ్చి అత్తావాళ్ళింట్లో ఏడేళ్ళుగా పాతుకుపోయినదాన్ని. ఆ ఏడేళ్ళలో భోజనాల దగ్గర పక్కకుర్చీ ప్రస్తావన రాని రోజు లేదు.

కిందటేడు ఆఫీసువాళ్ళు హాలు ఖాళీ చేశారు. ఇకమీదట అందరూ ఇంటి నుంచే పని చేయాలన్నారు. ఎవరి కంప్యూటరు వారు, ఎవరి కుర్చీ వారు పట్టుకుపొమ్మన్నారు.

మా ఇల్లు రెండున్నర గదులు. ముందుగది మామయ్యది. ఆయన దర్జీ. కత్తిరింపు బల్ల, కుట్టుమిషను, గోడకు వేలాడే సగం సగం చొక్కాలు, అన్నీ అక్కడే. రెండోదాంట్లో వంట, పడక, నేను. మిగిలిన అరగదిలో పాత సామాను పోసి తలుపు వేసి పెట్టారు, వెతుక్కోవాల్సి వస్తే తప్ప తీసేవాళ్ళం కాదు. మొదటి నెల అత్త వంటగట్టు పక్కన స్టూలు వేసుకుని పని చేసింది. కుక్కరు కూత వచ్చినప్పుడల్లా డాక్టరు మాట అందులో మునిగిపోయేది. మెడ పట్టేసింది. ఫోనులో టక్ టక్‌లు రోజుకు పది దాటాయి. అవును, ఆ అలవాటు మానలేదు. ఇద్దరూ పొద్దున్నే ఫోను కలిపి, స్పీకరు పెట్టి, పక్కన ఉంచుకునేవారు. అక్కడ పెన్సిలు కొడితే ఇక్కడ వినబడేది. ఇక్కడ కొడితే అక్కడ.

"ఇలా అయితే నా పేరు గంగలో కలిసినట్టే. ఆ అరగది నాకు కావాలి," అంది అత్త ఒక శుక్రవారం సాయంత్రం.

మామయ్య నోట్లో గుండుసూదులు తీసి పక్కన పెట్టాడు. "కావాలంటే తీసుకో. అందులో ఏముందని? మీ అన్నయ్య ఇచ్చిన సైకిలు, నా ముప్పై ఏళ్ళ పేలికలు."

రెండు మూడు వారాంతాలు ఆ గదితోనే గడిచాయి. నేను వచ్చాక ఆ ఇంట్లో అంత సరదాగా జరిగిన పని ఇంకోటి లేదు. బల్ల కొనక్కర్లేదని మామయ్య తన పాత కత్తిరింపు బల్ల ఇచ్చాడు. అది నిలబడి గుడ్డ కత్తిరించుకునే ఎత్తు, కూర్చుంటే గడ్డానికి తగులుతుంది. దాన్ని కోయాలి. ఆయన అత్తను కుర్చీలో కూర్చోబెట్టి, మెడలో టేపు తీసి, చొక్కాకు కొలిచినట్టే కొలిచాడు. నేల నుంచి మోకాలికి, మోకాలి నుంచి మోచేతికి.

"మోచెయ్యి బల్లకి సరిగ్గా ఆనాలి. భుజం లేవకూడదు. భుజం లేస్తే చొక్కా కుట్టేవాడికే కష్టం, వేసుకున్నవాళ్ళ సంగతి చెప్పాలా," అన్నాడు.

నాలుగు కాళ్ళూ కోస్తే ఒక కాలు అరంగుళం పొట్టిదైంది. దానికి సరిచేయబోతే ఇంకోటి పొట్టిదైంది. అత్త నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇంకాస్త కోస్తే నేల మీద బాసింపట్టు వేసుకుని పని చెయ్యొచ్చు," అంది. చివరికి ఒక కాలి కింద పాత చెప్పు అట్ట ముక్క పెట్టారు. కోసిన కాళ్ళ ముక్కలు కలిపి, పైన పలక కొట్టి, పాదాలు పెట్టుకునే పీట చేశాడు. బల్లను కిటికీకి ఎదురుగా వేస్తే వెలుగు కళ్ళలో పడుతుందని, కిటికీ ఎడమపక్కకు వచ్చేట్టు తిప్పాం. తెర కంటి ఎత్తుకు రావడానికి రెండు లావుపాటి నిఘంటువులు కింద పెట్టాం. కుర్చీ వీపు దగ్గర మామయ్య పత్తి దిండు కుట్టాడు. మూడోసారి విప్పి కుట్టాక గానీ అత్త నడుం ఒప్పుకోలేదు.

గోడల సంగతి వేరు. ఖాళీ గోడల మధ్య మాట గింగురుమంటోందని అత్త అంటే, ముప్పై ఏళ్ళ పేలికలకు మోక్షం వచ్చింది. ఒక శనివారమంతా మామయ్యా ఆవిడా వాటిని పొరలు పొరలుగా కుట్టి, చెక్కపట్టీలు వేసి గోడలకు మేకులతో బిగించారు. చారలు, గళ్ళు, ఎవరిదో స్కూలు యూనిఫారం, ఎవరిదో కోటు లోపలి పట్టు. తలుపు వేస్తే లోపల మన ఊపిరి మనకే వినిపించేది. ఆ రోజు ఆవిడ ఫోను ఎక్కడుందో కూడా ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు ఆదివారం పక్కకుర్చీ గది చూడ్డానికి వచ్చింది.

సన్నగా, మాట మెల్లగా ఉండే మనిషి. నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు కనబడింది. అత్త చిన్నపిల్లలా ఒక్కొక్కటీ చూపించింది. పీట మీద ఆవిడ పాదాలు పెట్టించింది, వీపు వెనక దిండు సర్దింది, తలుపు వేసి "విను, ఏమైనా వినబడుతోందా?" అంది. పక్కకుర్చీ ఆ కుర్చీలో చాలాసేపు కూర్చుంది. గోడమీది గుడ్డ నిమిరింది.

"నీకేమే, రాణివి. నేను వంటగట్టు మీదే చస్తున్నా. ఒక చెవి డాక్టరుకి, ఒక చెవి కాలింగ్‌బెల్లుకి," అంది.

"మీ ఇంటికీ మా ఆయన్ని తీసుకొస్తానుండు. నీకూ కొలిచి చేస్తాడు."

ఆవిడ ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచి, కాఫీ అడిగింది. నాకు బాగా గుర్తు. కాఫీ నేనే ఇచ్చాను, రెండు చెంచాల చక్కెర వేసి మరీ.

సోమవారం పొద్దున్నే అత్త ఫోను కలిపితే ఆవిడే అంది, "రోజంతా లైను పెట్టుకోవడం వద్దులేవే. మీ ఆయన మిషను గడగడ నా చెవిలో పడుతోంది. తప్పేమైనా కనబడితే నేనే ఫోను చేసి కొడతాలే."

అత్త మొహం చిన్నబోయింది. తన ఇంటి చప్పుడు ఇంకొకరి పనికి అడ్డం వచ్చిందన్న మాట ఆవిడ తట్టుకోలేకపోయింది. సాయంత్రానికి మామయ్య కుట్టుమిషను వరండాలోకి వెళ్ళింది. ఎండ పడితే ఆయన గొడుగు కట్టుకునేవాడు, వాన వస్తే మిషను మీద గోనె కప్పి లోపలికి వచ్చి గోళ్ళు గిల్లుకునేవాడు. ఒక్కనాడూ సణగలేదు.

ఆ తరువాత టక్ టక్ ఆగిపోయింది.

ఒకరోజు, రెండు రోజులు, వారం. ఒక్క ఫోనూ లేదు. అత్త తనే చేసి అడిగింది, "ఏమే, తప్పులేమైనా పడుతున్నాయా?" స్పీకరు పెట్టి ఉంది, నేనూ విన్నాను.

"ఎక్కడివే? ఆ గదిలో కూర్చున్నాక నీ చెయ్యే మారిపోయింది. పచ్చగడి నొక్కడమే నా పని."

ఆ మాటకు అత్త ఎంత పొంగిపోయిందో చెప్పలేను. పద్ధెనిమిదేళ్ళలో తప్పు లేని వారం ఆవిడకు ఎప్పుడూ దొరకలేదు. ఇప్పుడు వారాలు నెలలయ్యాయి. ఇంటికి ఎవరొచ్చినా ముందు గదిలోకి తీసుకెళ్ళి ఉపన్యాసం ఇచ్చేది. బల్ల ఎంత ఎత్తుండాలి, వెలుగు ఎటు నుంచి రావాలి, పాదం ఎక్కడ ఆనాలి. "ఒంటికి సుఖంగా ఉంటే తప్పెందుకొస్తుంది? మనిషిది కాదు తప్పు, కుర్చీది," అనేది. పాలవాడిని కూడా వదల్లేదు. పాపం అతను నిలబడి పని చేసుకునేవాడు. మామయ్య వరండాలోంచి, "నా మిషను బయటికొచ్చాక నీ తప్పులూ దాంతోపాటే వచ్చేసినట్టున్నాయి, ఇక్కడెక్కడో ఉంటాయి చూడు," అని నవ్వేవాడు. ఆవిడకు గర్వం వచ్చిందని నాకూ అనిపించింది. వస్తే రానీ అనుకున్నాను.

పక్కకుర్చీ టైపు చేసిన ఫైళ్ళలో మాత్రం తప్పులు వస్తూనే ఉండేవి. వంటగట్టు మీద పని మరి. ఫోను చేసి కొడితే పాపం నొచ్చుకుంటుందని, అత్త ఏ చప్పుడూ చేయకుండా తనే దిద్ది పచ్చగడి నొక్కేది. పోనీలే, దానికి గది లేదు కదా అనేది.

ఆరు నెలలయ్యాక ఒక ఉదయం సూపర్‌వైజరు ఫోను చేశాడు. నేను తలుపు దగ్గరే ఉన్నాను.

"మేడం, జంటకి ఒకరినే ఉంచుతున్నాం కదా. మీ జంటలో ఆవిడ ఉంటున్నారు. ఈ నెలాఖరుతో మీది ఆఖరు."

"ఒకరినే అంటే? ఎప్పుడనుకున్నారు?"

"అదేమిటి మేడం, ఆరు నెలల కిందటే చెప్పానుగా. ఎర్రగడిలో రాసినవే లెక్కలోకి తీసుకుంటామని, ఇక నుంచి అన్నీ అందులోనే రాయాలని. ఆ శనివారం మీకు రెండుసార్లు చేశాను, ఎత్తలేదు. ఆవిడకి చెప్పాను, రేపు వాళ్ళింటికే వెళ్తున్నా, నేను చెబుతాను సార్ అన్నారు."

అత్త బల్ల అంచు పట్టుకుంది. "నాకు ఎన్ని ఉన్నాయి సార్?"

"రెండు వందల పద్నాలుగు. ఆవిడకి మీరు రాసినవి ఒక్కటీ లేదు."

"ఆవిడవి నేనే దిద్దేదాన్ని సార్. రాసేదాన్ని కాదు."

"అలా అనకండి మేడం. రాయకపోవడం కూడా రూలు తప్పినట్టే. అది కూడా మీ మీదికే వస్తుంది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన జాబితా పంపుతానని పెట్టేశాడు.

జాబితా వచ్చింది. తేదీ, వేళ, ఫైలు, లైను, తప్పు. మొదటి తప్పు తేదీ ఆ సోమవారం. మిషను గడగడ చెవిలో పడుతోందన్న ఉదయం, ఆ ఫోను పెట్టేసిన గంటకు. నాకు ఒళ్ళు మండిపోయింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అన్నారా? మా ఇంటికొచ్చి, మా కుర్చీలో కూర్చుని, నేను కలిపిన కాఫీ తాగి, ఆ మాట కడుపులో పెట్టుకుని వెళ్ళింది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే అదే. నోటికొచ్చిందల్లా అన్నాను. ఇప్పుడే వెళ్ళి వీధిలో నిలబెట్టి కడిగేస్తానన్నాను.

"చెప్పడానికే వచ్చి ఉంటుందే," అంది అత్త. "నోరు తెరిచింది, చూశావుగా. కుర్చీలో కూర్చున్నాక మనసు మారి ఉంటుంది."

"అయితే? పాపం అనాలా ఇప్పుడు?"

"అనమన్నానా?" అని ఒక్క అరుపు అరిచింది. ఏడేళ్ళలో ఆవిడ గొంతు పెంచడం నేను విన్నది అదే మొదలు. "చెయ్యి మారిపోయిందందే నాతో. గది వల్ల అందే. నేను నమ్మి ఊరంతా చెప్పుకున్నాను. ఉద్యోగం పోతే పోయింది. ఆ మాట ఎందుకనాలి?"

తరువాత ఆవిడ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. పదిహేను రోజుల లోపు ఫైళ్ళను మళ్ళీ తెరవచ్చు. జాబితాలో ఆ పదిహేను రోజులవి ఇరవై రెండు ఉన్నాయి. ఒక్కొక్క రికార్డూ విని, ఒక్కొక్క తప్పూ సరిచూడటం మొదలుపెట్టింది. పక్కకుర్చీ తప్పులు కూడా వెతికి చూపించమని నేను చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. అత్త ఆ ఫైళ్ళు తెరిచి చూపింది. అన్నీ శుభ్రంగా ఉన్నాయి, అన్నిటి మీదా పక్కకుర్చీ పేరే ఉంది. అత్త దిద్దినట్టు ఎక్కడా ఆనవాలు లేదు. ఎవరో తుడిచిన నేల మీద ఎవరు తుడిచారని రాసి ఉండదు కదా.

మధ్యాహ్నానికి పంతొమ్మిది అయ్యాయి. "అన్నీ నిజమే," అంది అత్త. "ఒక్క అబద్ధం రాయలేదు." నాకు అదే ఎక్కువ కడుపుమంట. ఆ తప్పులన్నీ అత్తవే. రోజుకు ఒకటో రెండో, ఏ మనిషికైనా పడేవే. ఒక్కో తప్పుకు రెండు దెబ్బలు కొట్టి ఉంటే చాలు.

ఇరవై ఒకటో దాని దగ్గర ఆవిడ ఆగింది. వెనక్కి తిప్పి విన్నది. మళ్ళీ విన్నది. హెడ్‌ఫోన్లు ఒకవైపు తీసి నా చెవికి పెట్టింది. కంటి డాక్టరు. ఎడమ కంటికి ఆపరేషను అని మొదట్లో చెప్పాడు. మందులు, తేదీలు అన్నీ చెప్పాడు. ఆఖర్న, అంతా అయిపోయాక, కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు చప్పుడు, మళ్ళీ ఆయన గొంతు. "ఆగండి, పైన ఎడమ అన్నాను, కుడి కన్ను. కుడి అని రాయండి."

అత్త కుడి అనే టైపు చేసింది. పక్కకుర్చీ రికార్డు చివరిదాకా వినలేదు. మొదట్లో విన్నదాన్ని పట్టుకుని ఎడమ అని మార్చి, అత్త తప్పని ఎర్రగడిలో రాసి పంపేసింది. ఆపరేషను తేదీ ఆ వచ్చే గురువారం.

"అత్తా, దొరికింది!" అన్నాను. "ఇదొక్కటి చాలు. సూపర్‌వైజరుకి ఫోను చెయ్యి. ఆవిడ సంగతి..."

అత్త నా మాట వినలేదు. ముందు ఆసుపత్రికి వెళ్ళాల్సిన కాగితం సరిచేసింది, అత్యవసరమని గుర్తు పెట్టి పంపింది. ఆ తరువాత పద్ధెనిమిదేళ్ళలో మొదటిసారి ఎర్రగడి తెరిచింది. తప్పేమిటో రాసింది. ఎవరిదో అడిగే చోట పక్కకుర్చీ పేరు అక్షరం అక్షరం కొట్టింది. పంపేసింది.

అప్పుడు ఫోను తీసుకుని పక్కకుర్చీకి కలిపింది. స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది. అవతల ఎత్తిన చప్పుడైంది, వెనక ఎక్కడో కుక్కరు కూత. అత్త పలకరించలేదు. పెన్సిలు తీసి బల్ల మీద కొట్టింది. టక్ టక్.

"ఎక్కడ?" అంది పక్కకుర్చీ.

ఆలోచించి అన్నది కాదు. నోరే అనేసింది. ఆ తరువాత తనే విని గతుక్కుమన్నట్టుంది.

అత్త ఫైలు నంబరు చెప్పింది. పన్నెండో లైను అని చెప్పింది. "ఎడమ కాదు, కుడి. డాక్టరు చివర్న సవరించుకున్నాడు. నువ్వు చివరిదాకా వినలేదు. కాగితం దిద్ది పంపాను. ఎర్రగడిలో రాశాను, నీ పేరు మీద."

"అది కాదే, నా మాట..."

"నీకు చెప్పి రాశాను," అంది అత్త. "అంతే."

ఫోను పెట్టేసింది. ఆ ఒక్క ఎర్రగడి రెండు వందల పద్నాలుగుకు ఎదురు నిలబడలేదు. నెలాఖరుకు ఉద్యోగం పోయింది, పక్కకుర్చీ ఉంది. ఆసుపత్రి నుంచి మాత్రం కాగితం అందిందని రెండు ముక్కల జవాబు వచ్చింది.

ఆఖరు రోజు అత్త హెడ్‌ఫోన్లు తీసి కొక్కేనికి తగిలించి, వరండాలోకి వచ్చి నిలబడింది. మామయ్య ఎవరిదో ప్యాంటుకు అంచు కుడుతున్నాడు. ఎండ ఆయన వీపు మీదే ఉంది.

"ఏమండీ," అంది. "మిషను లోపలికి తెచ్చుకోండి."